రూపాయల దండల రోము రాజు

ఆ మొద్దు జర అవతలికి జరుపు బిడ్డా, పొగంత నా కండ్లల్లకే వస్తున్నది. ఆఁ, చాలు. అందరు దగ్గరికి జరిగి కూసోండ్రి. ఇయాల దయ్యం కథ కాదు, ఒక వెండి బిళ్ళ ముచ్చట. రెండువేల ఏండ్ల కింద రోము రాజ్యంల కొట్టిన బిళ్ళ. మన నల్లగొండ జిల్లాకొచ్చి, ఒక లంబాడామె మెడల రూపాయల దండల చేరి, ఆడికెల్లి మా నాయిన కుంపటి ముంగటికొచ్చింది. దాని మీద మిగిలిన సగం సగం గీతలు పట్టుకోని మేం ఏమేం చదివినమో చెప్త. నడిమిట్ల సెల్లు తీసి చూసెటోళ్లు రేపు చూసుకోండ్రి, అది యాడికి పోదు.

మనది అవుసుల ఇల్లన్న సంగతి మీకు ఎరుకే. మీ నాయినలు ఆ పని ఇడిసిపెట్టి కంప్యూటర్లు పట్టుకున్నరు గానీ, నా అరచెయ్యి ఇప్పటికీ వెండి పడితే బరువు చెప్తది. మా చిన్నప్పుడు గ్రాములు యాడియి? ఎనిమిది గురిగింజలు ఒక మాసం, పన్నెండు మాసాలు ఒక తులం. విక్టోరియా రాణి బొమ్మున్న రూపాయి సరిగ్గ ఒక తులం తూగేది. నిజాం సర్కారు హాలీ సిక్కా తులానికి జర తక్కువ, వెండి పాలు అంతకన్న తక్కువ. అందుకే కడియాలు చేయించుకునే ముసలమ్మలు రాణి రూపాయలే దాచిపెట్టి తెచ్చేది. హాలీ తెస్తే మా నాయిన ఏం అనకపోయేది గానీ మొకం మాత్రం చిన్నగ చేసేటోడు.

ఆ హాలీ రూపాయి మీద ఒక దిక్కు చార్మినార్ ఉండేది. చుట్టు ఆసఫ్‌జాహీ బిరుదులు. బిరుదులు అందరికీ ఒక్కటే గదా, మరి ఏ పాషా కాలంలదో ఎట్ల తెల్వాలె? చార్మినార్ నడిమి దర్వాజల ఒక్క అక్షరం ఉంటది. 'మీమ్' ఉన్నదా, మహబూబ్ అలీ పాషా. 'ఐన్' ఉన్నదా, ఉస్మాన్ అలీ ఖాన్. ఉర్దూ రాని మా అమ్మ గూడ ఆ రెండక్షరాలు గుర్తుపట్టేది. బిళ్ళ చదువుడంటే మొత్తం రాత చదువుడు కాదు, ఏడ చూడాల్నో తెలుసుడు. నాకు అది చార్మినార్ దర్వాజ కాడ్నే తెలిసింది.

ఇగ అసలు ముచ్చట. అప్పటికి హాలీ సిక్కా చెలామణి పోయి శాన ఏండ్లయింది. ఒకనాడు తండా నుంచి ఒకామె వచ్చింది. మెడల దండ తెగింది, రూపాయలన్ని కొంగుల మూట గట్టుకోని తెచ్చింది. ప్రతి బిళ్ళకు మీద ఒక కొండి, ఆ కొండ్లల్ల దారం. నాయిన ఒక్కొక్కటే తీసి గుడ్డ మీద పరిచిండు. రాణి రూపాయలు, జార్జి రూపాయలు, కొన్ని హాలీవి, నడిమిట్ల ఒక చిన్న బిళ్ళ. వెండి పావలా అనుకున్నడు. సైజు పావలా అంతనే. కానీ చేతులకు తీసుకోంగనే ఆగిండు. పావలా పలుచగ ఉంటది, ఇది మందం. అంచు గుండ్రం కాదు, ఒక దిక్కు జర పగిలినట్టున్నది. గీతల అంచు లేదు. కొండి కరిగించి తీసి తరాజుల పెట్టిండు. నాలుగు మాసాలకు ఒకటో రెండో గింజలు తక్కువ. అంటే తులంల మూడోవంతు. మూడు బిళ్ళలు పెడితే ఒక రాణి రూపాయి బరువు. ఏ పావలా గట్ల తూగది.

అంచు మీద ఆకురాయితోని ఒక్క గీటు గీసిండు. లోపల తెల్లటి వెండి. రాణి రూపాయి కన్న మేలు వెండి. "ఇది మన సర్కార్లది కాదు" అన్నడు నాయిన. గంతే. ఎవరిదో ఆయనకు తెల్వదు, కానీ ఎవరిది కాదో బరువుతోనే చెప్పిండు.

మా బడిల హిస్టరీ సారు ఒకాయన ఉండేటోడు. హైదరాబాదు పోయినప్పుడల్లా పబ్లిక్ గార్డెన్ల మ్యూజియం చూడకుంట తిరిగి వచ్చేటోడు కాదు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌ల దొరికిన రోము నాణేల మీద పరమేశ్వరీ లాల్ గుప్తా అనే పెద్ద పండితుడు రాసిన పుస్తకం 1965ల మ్యూజియం దిక్కుకెల్లి వచ్చింది. సారు దాన్ని మస్తు సార్లు తిరగేసినోడు. నేను ఉరికిపోయి పిలుచుకొచ్చిన.

సారు వచ్చి కుంపటి కాడ కూసున్నడు. బిళ్ళను చెయ్యి మీద పెట్టుకోని ఎండల చూసిండు, ఏం కనపడలే. నునుపు బిళ్ళ. అప్పుడు నాయిన తలుపు దగ్గరికేసి, కందిలి ముట్టిచ్చి, దాన్ని బిళ్ళ మీద కాదు, పక్కకు కింద పెట్టిండు. ఎలుగు అంచు మీదికెల్లి అడ్డంగ పాకింది. అప్పుడు లేచింది మనిషి తల. అంతకు ముందు లేదు. మీరు ఎన్నడన్న అరిగిన బిళ్ళ చూస్తే నెత్తి మీది లైటు బంజేసి పక్క ఎలుగుల పెట్టుండ్రి. మీద పడ్డ ఎలుగు గీతలను మింగుతది. అడ్డం పడ్డ ఎలుగు ప్రతి గుంతకు నీడ పెడ్తది.

తల కుడి దిక్కు చూస్తున్నది. చెంప ఎముక, చెవి మీది వెంట్రుకలు మొత్తం పోయినయి. బిళ్ళ మీద ఏది ఎత్తుగుంటే అది ముందు అరుగుతది, రాజైనా సరే. మిగిలేది పల్లంల ఉన్నది. ముక్కు కింది సందు, మెడ చుట్టు గీత, అక్షరాల అడుగు. మెడ ఎనక రెండు చిన్న తోకలు వేలాడుతున్నయి. "అవి రిబ్బన్లు. నెత్తి మీద ఆకుల దండ కట్టి ఎనక ముడేసిన్రు. ఆకులు అరిగినయి, ముడి మిగిలింది" అన్నడు సారు. ఆ ముడి ఒక్కటి చూసి ఇది రోము చక్రవర్తి అని పట్టుకున్నడు.

ఇగ రాత. అది తల చుట్టు అంచెంబడి పోతది. ఒక దిక్కు కొండి అతికిచ్చిన జాగ, ఆడ వెలిగారం, కరిగిన వెండి కలిసి అక్షరాలను కప్పేసినయి. ఇంకో దిక్కు అక్షరాలు అసలు బిళ్ళ మీదికే రాలే. మా నాయినకు అది ఎంటనే అర్థమైంది. కింద ఒక అచ్చు దాకలిల బిగిస్తరు, నడుమ వేడి చేసిన వెండి బిళ్ళ పెడ్తరు, మీద ఇంకో అచ్చు చేతులతోని పట్టుకోని సుత్తెతోని ఒక్కటేస్తరు. మేం కాసులు కొట్టేది గూడ గట్లనే. దెబ్బ జర పక్కకు పడ్డదా, ఆ దిక్కు రాత బిళ్ళ బయట గాలిల పడ్డట్టే. ఇది రెండువేల ఏండ్ల కింద పని తొందరల ఎవడో ఏసిన దెబ్బ. "పొద్దంత కొట్టికొట్టి చెయ్యి గుంజినట్టున్నది పాపం" అని మా నాయిన ఆ ముక్కు మొకం తెల్వని అవుసులాయన మీద జాలిపడ్డడు.

మొత్తం మీద దొరికిన అక్షరాలు ఏడు. ఒక తావుల డి, ఐ, వి, ఐ. దాని ఎనక జర ఎడంగ ఎ, వి, జి. ఆ కాలంల యు రాసే చోట గూడ వి నే చెక్కేటోళ్లు, కాబట్టి అది 'ఆగ్', అంటే అగస్టస్‌కు పొట్టి పేరు. డివి అంటే దేవుడైపోయినోడు. దేవుడైన అగస్టస్‌ది... ఏంది? సారు కండ్లు మూసుకోని మొత్తం చదివిండు. బిళ్ళ మీద లేని అక్షరాలు గూడ కలుపుకోని. దేవుడైన అగస్టస్ కొడుకు, టైబీరియస్ సీజర్ అగస్టస్.

నేనప్పుడు పోరన్ని, నాకు అనుమానం. ఏడక్షరాలకు గంత కథ ఎట్లొచ్చింది? సారు బిళ్ళ తిరగేసి చూపిచ్చిండు. ఈ దిక్కు ఒక ఆడామె కుర్చీల కూసున్నది. తల అరిగి నున్నగైంది, మోకాలు గూడ. ఒక చేతుల నిలువు కర్ర, ఇంకో చేతుల చిన్న కొమ్మ. పక్కన మూడక్షరాలు, ఎక్స్, ఐ, ఎమ్. అది 'మాక్సిమ్' తోక. దానికి జోడీ అవతలి దిక్కు 'పాంటిఫ్' ఉండాలె. రెండు కలిస్తే రోములోళ్ల పెద్ద పూజారి అని రాజు బిరుదు. కూసున్న ఆడామె, మాక్సిమ్, ఎనక డివి ఆగ్, ఈ మూడు కలిసే వెండి బిళ్ళ ఒక్కటే ఉన్నదట. ఇప్పుడు ఫ్రాన్సు అంటరు సూడు, ఆడ రోన్ నది ఒడ్డున లియాన్ ఊరు ఉన్నది. ఆ ఊరి టంకశాలల కొట్టిన టైబీరియస్ దేనారం. 14 నుంచి 37 దాక ఆయన రాజ్యం. క్రీస్తు శకం 14, అంటే మన లెక్కన శాతవాహనుల కాలం. అన్నేండ్లు రాజు బొమ్మ మారలే, ఆడామె మారలే. కుర్చీ కాళ్లు మాత్రం మారినయి. కొన్నిటికి సాదా కాళ్లు, కొన్నిటికి నగిషీ కాళ్లు. ఆ తేడాలు పట్టుకోని ఏది ముందు, ఏది ఎనక అని పండితులు వరస పెట్టిన్రు. మా బిళ్ళల కుర్చీ కాలు మీద చిన్న ఉబ్బు కనపడ్డది. నగిషీ కాలే.

ఇంకో తమాషా. టైబీరియస్ గద్దెనెక్కేటాళ్లకు యాభై నాలుగేండ్లోడు, పోయేనాటికి డెబ్బై ఏడు. బిళ్ళ మీద మాత్రం ఎన్నడూ ముసలోడు కాలే. మొకం అరిగింది గానీ ముడుత పడలే.

ఆ కుర్చీల ఉన్న ఆమె ఎవరు? చాలామంది పండితులు లివియా అంటరు. శాంతి దేవత రూపంల రాజు తల్లి. ఇగ ఈడ్నుంచి కథ మన టీవీ సీరియల్‌ను మించుతది, ఇనుండ్రి.

అగస్టస్‌కు కొడుకులు లేరు. ఒక్కతే బిడ్డ, జూలియా. లివియాను చేసుకునేటప్పటికే ఆమెకు మొదటి మొగనితోని టైబీరియస్ పుట్టి ఉన్నడు. అంటే అగస్టస్‌కు టైబీరియస్ ఎంట వచ్చిన పిల్లగాడు. అగస్టస్ మనసు బిడ్డ కొడుకుల మీద ఉండె. గాయస్, లూసియస్ అని ఇద్దరు మనుమలు. ఇద్దరినీ దత్తత తీసుకున్నడు. వాళ్ల బొమ్మలు ఏసి వెండి దేనారాలు కొట్టిచ్చిండు. నడుమ డాళ్లు, బల్లేలు, అటొకడు ఇటొకడు నిలబడ్డ పిల్లగాండ్లు. మన దేశంల దొరికిన రోము వెండిల అందరికన్న ఎక్కువ కనపడేది ఈ రెండు బిళ్ళలే. మనుమలది ఒకటి, టైబీరియస్‌ది ఒకటి. ఒక బిళ్ళ మీదికెల్లి ఇంకో బిళ్ళ మీదికి పోయే తొవ్వల ఏం జరిగిందంటే, లూసియస్ క్రీస్తు శకం 2ల మార్సే ఊర్ల పోయిండు. గాయస్ దెబ్బ తగిలి, మానక, 4ల ఆసియా దిక్కు పోయిండు. ఇద్దరూ పడుసు పిల్లగాండ్లు. ఇగ దిక్కులేక అదే ఏడు టైబీరియస్‌ను దత్తత తీసుకున్నడు. మనుమలు పోయింది జబ్బుతోనా, లివియా చేతితోనా అని ఊర్ల గుసగుసలుండేయని టాసిటస్ అనే చరిత్రకారుడు రాసిపెట్టిండు. రుజువు లేదు. సవతి అమ్మమ్మ కదా, అనుమానం పడాల్సిన జాగల్నే పడ్డది.

కాబట్టి ఆ 'అగస్టస్ కొడుకు' అన్న రెండు ముక్కల కింద ఇద్దరు పిల్లగాండ్ల చావు ఉన్నది. టైబీరియస్‌కు గూడ అది సుఖంగ రాలే. విప్సానియా అని ఆయన మనసు పడ్డ పెండ్లాన్ని ఇడిపిచ్చి, రాజు బిడ్డ జూలియాతోని లగ్గం చేసిన్రు. తర్వాత ఒకసారి విప్సానియా కనపడితే కండ్లల్ల నీళ్లు పెట్టుకోని ఆమె దిక్కే చూసుకుంట ఉన్నడట. ఇగ ఎన్నడూ ఆమె ఎదురు పడకుంట చూసిన్రని సుయెటోనియస్ రాసిండు. తల్లితోని గూడ ఆఖర్ల పొసగలే. 29ల లివియా సచ్చిపోతే ఈయన కాప్రీ దీవి ఇడిసి దహనానికి గూడ రాలే. ఆమెను దేవతను చేస్తమంటే వద్దన్నడు. కానీ బిళ్ళ మీద మాత్రం ఆ కుర్చీ కొట్టుతనే ఉన్నరు.

ఇదంత సారు చెప్తుంటే లంబాడామె గోడకు ఒరిగి తంబాకు నములుకుంట ఇన్నది. అన్నీ అయినంక ఒక్కటే మాట అన్నది. ఈమె తుల్జాభవాని, మా అత్త మెడల కాడికెల్లి ఉన్నది, మీ రాజుల సంగతి నాకెందుకు అని. సారు నవ్వలే. ఎందుకు నవ్వుతడు? టైబీరియస్ వద్దన్నా, ఎనకొచ్చిన క్లాడియస్ చక్రవర్తి 42ల లివియాను నిజంగనే దేవతను చేసిండు. గుళ్లె బొమ్మ పెట్టిన్రు. తండా ఆమె చదివింది గూడ ఒక చదువే. కూసున్న తీరు, చేతుల కర్ర, కొమ్మ చూసి దేవత అన్నది. అంతవరకు ఆమెకు, రోములోళ్లకు తేడా లేదు.

అప్పుడు నాకు ఇంకొకటి సమజైంది. బిళ్ళకు రెండు తీర్ల అరుగుడు ఉన్నది. రాజు మొకం అరుగుడు అంతట ఒక్క తీరుగున్నది. చేతులు మారి, సంచుల పడి, వేరే బిళ్ళలతోని రాసుకొని అరిగిన అరుగుడు. ఆడామె దిక్కు అరుగుడు మాత్రం నడిమిట్ల ఎక్కువ, అద్దం తీరుగ మెరుస్తున్నది. అది బట్ట మీద, ఏలు మీద అరిగింది. అత్త కాడ్నుంచి కోడలి దాక అందరూ దేవత బయటికి కనపడేటట్టు వేసుకున్నరు, పనుల మధ్య ఏలితోని తడుముకున్నరు. రాజు వాళ్ల రొమ్ముకు ఆనుకోని లోపలికి తిరిగి ఉన్నడు. అందుకే ఆయన అక్షరాలు ఏడు బతికినయి, ఆమెయి మూడే మిగిలినయి.

మా వాడకట్టుల చర్చి పాస్టరుగారికి ఎట్ల తెలిసిందో, సాయంత్రానికి ఆయన గూడ వచ్చిండు. తెలుగు బైబిల్ల దేనారము అని ఉన్నది గదా, పన్ను కట్టాల్నా వద్దా అని అడిగితే ఏసుప్రభువు బిళ్ళ తెప్పిచ్చి, దీని మీద ఎవరి బొమ్మ, ఎవరి పేరు అని అడిగిన ముచ్చట. అది టైబీరియస్ కాలమే కాబట్టి ఇదే రకం బిళ్ళ అయి ఉండొచ్చని నాణేలు సేకరించేటోళ్లు అంటరు. ఖచ్చితంగ ఇదేనని చెప్పేటందుకు లేదు. పాస్టరుగారు మాత్రం రెండు చేతులల్ల పట్టుకోని చాలాసేపు కూసున్నడు.

ఇగ ఈ బిళ్ళ ఈడికెట్లొచ్చింది అని మీ అందరి మొకాల మీద ఉన్నది. వ్యాపారం బిడ్డా, వ్యాపారం. ఈజిప్టు దిక్కు ఎర్ర సముద్రం రేవుల నుంచి గాలి చూసుకోని ఓడలు లేచేవి. ఒక్క మయోస్ హార్మోస్ రేవు నుంచే ఏడాదికి నూట ఇరవై ఓడల దాక మన దేశానికొస్తయని స్ట్రాబో అనే ఆయన రాసిండు. మిరియాలు, ముత్యాలు, నూలు బట్టలు, రత్నాలు కొనేది. బదులుగ ఇచ్చేటందుకు వాళ్ల కాడ అంత సరుకు లేదు, బంగారం, వెండి ఇచ్చేది. ఎర్ర సముద్రం దారి గురించి ఒక గ్రీకు వర్తకుడు రాసిన పుస్తకముంది, పెరిప్లస్ అంటరు. అండ్ల మన కృష్ణా తీరం దిక్కును మసాలియా అని చెప్పి, ఆడ సన్న నూలు బట్టలు శాన తయారైతయన్నడు. రోము నాణేలు గుజరాత్ దిక్కు భరుకచ్ఛం రేవుల మారిస్తే లాభమని గూడ రాసిండు. మన శాతవాహనులు ఎక్కువగ సీసం, పోటిన్ అనే కలిపిన లోహం నాణేలు కొట్టినోళ్లు. ఏనుగు ఒక దిక్కు, ఉజ్జయిని గుర్తు ఇంకో దిక్కు. అసుమంటి రాజ్యంల మేలు వెండి బిళ్ళ వస్తే ఎవరు కాదంటరు?

రోముల మాత్రం ఏడుపు. ప్లినీ అనే పెద్దమనిషి లెక్క కట్టి మరీ తిట్టిండు, ఏటా 5 కోట్ల సెస్టెర్షులు ఇండియా గుంజుకుంటున్నదని. నాలుగు సెస్టెర్షులు ఒక దేనారం. అంటే కోటీ పాతిక లక్షల ఇసుమంటి బిళ్ళలు. ఆయన లెక్క ఎంత నిఖార్సో నేను పూచీ పడ, కోపంల ఉన్నోడి లెక్క అది. కానీ అసలు మజా ఏందంటే, 22ల ఈ టైబీరియస్ సొంతంగ పెద్దల సభకు ఉత్తరం రాసిండు. మన ఆడోళ్ల నగల రాళ్ల కోసం మన సొమ్ము పరాయి దేశాలకు పోతున్నది అని మొత్తుకున్నడు. మొత్తుకున్న మనిషి మొకమే ఇట్ల పోయి పోయి పరాయి దేశపు ఆడామె నగల కలిసింది. సారు ఈ మాట చెప్పినప్పుడు మా నాయిన ఊదుగొట్టం పక్కన పెట్టి మరీ నవ్విండు.

అదే ప్లినీ ఇంకో ముచ్చట గూడ చెప్పిండు, అది నాకు ఇష్టం. సింహళం రాజు కాడికి ఒక రోము మనిషి పోతే, అతని కాడున్న దేనారాలు చూసి రాజు మెచ్చుకున్నడట. బిళ్ళల మీద మొకాలు వేరే వేరే, తూకం మాత్రం ఒక్కటే. ఈ రాజ్యపోళ్లు నమ్మదగినోళ్లని అప్పుడనుకున్నడట. తరాజు పట్టినోళ్లకే ఆ మాట ఇలువ తెలుస్తది. తర్వాత ఆ నమ్మకం గూడ పోయింది. 64ల నీరో చక్రవర్తి బరువు తగ్గిచ్చిండు, వెండి పాలు తగ్గిచ్చిండు. అందుకే కాబోలు, మన దిక్కు దొరికే రోము వెండిల పాత అగస్టస్, టైబీరియస్ బొమ్మలదే రాజ్యం. ముసలమ్మలు హాలీ సిక్కా వద్దని రాణి రూపాయి అడిగినట్టే, మన పాత షావుకార్లు గూడ బొమ్మ చూసి ఏరుకున్నరని నా నమ్మకం.

మన జిల్లాల అక్కనపల్లి అని ఒక ఊరున్నది. ఆడ ఒక్క తావుల్నే 1,531 రోము వెండి బిళ్ళలు దొరికినయి. ఎవరు పాతిపెట్టిన్రో, ఎందుకు మల్ల తీసుకోలేదో. అటు వినుకొండ కాడ బంగారు రోము నాణేలు దొరికినయి. మెదక్ దిక్కు కొండాపూర్ తవ్వకాలల్ల ఇంకో రకం దొరికింది. రోము బిళ్ళను చూసి మట్టితోని అచ్చు దింపిన బిళ్ళలు, మెడల ఏసుకునేటట్టు. బంగారం, వెండి లేనోళ్లు మట్టి రాజును కట్టుకున్నరన్నమాట. దొరకంగనే సర్కారుకు చేరినయే ఇవి. దొరికి, ఎవరికీ చెప్పకుంట కుంపట్ల పడి కడియాలైనయి ఎన్నో. 1878ల నుంచే నిక్షేపాల చట్టం ఉన్నది, భూమిల దొరికింది కలెక్టరుకు చెప్పాలని. చేన్ల గిట్ల మీకు ఏమన్న దొరికితే చెప్పుండ్రి. ముఖ్యంగ చింతపండు పెట్టి తోమకుండ్రి.

ఆమె బిళ్ళ ఆమెకే ఇచ్చినం. కొండి మల్ల అతికేటప్పుడు నాయిన జర పక్కకు జరిపిండు, ఒక అక్షరం సగం బయటపడ్డది.

ఒక్కటి చెప్పుడు మరిచిన. రాజు చెంప మీద ఒక గాటున్నది. ఉలితోని కొట్టిన దెబ్బ, కంటి కాడికెల్లి దవడ దాక. మన దేశంల దొరికిన రోము నాణేల మీద, బంగారం వాటి మీద మరీ ఎక్కువగ, ఇసుమంటి గాట్లున్నయి. వెండి వాటి మీద చిన్న చిన్న ముద్రలు గూడ పొడిచినోళ్లున్నరు. సారు అన్నడు, పరాయి రాజు మొకం మన రాజ్యంల చెల్లదు అని గాటు పెట్టి రద్దు చేసినట్టు ఇది. మా నాయిన ఒప్పుకోలే. పైన వెండి రేకు తొడిగి లోన రాగి పెట్టిన దొంగ దేనారాలు రోములనే తయారయ్యేవి. అనుమానమొస్తే కోసి చూసుడు తప్ప షావుకారికి వేరే దారేమున్నది?

నేను కందిలి దగ్గరికి జరిపి గాటును చూసిన. దాని పెదవులు కోసుగ లేవు. నున్నగ, గుండ్రంగ అరిగినయి, చెంప ఎంత అరిగిందో గాటు అంచు అంతే అరిగింది. అంటే దెబ్బ పడ్డది మొదట్ల. దాని తర్వాతనే ఆ బిళ్ళ చేతులు మారింది, సంచుల పడ్డది, ఏండ్లకేండ్లు తిరిగింది. రద్దు చేసిన బిళ్ళ అన్నేండ్లు ఎట్ల తిరుగుతది సారూ అని అడిగిన.

సారు జర ఆలోచించి, రద్దయింది రాజు మొకం, వెండి కాదు కదరా అన్నడు. రోము బిళ్ళగ సచ్చింది, నాలుగు మాసాల వెండిగ తిరిగింది అన్నడు. మా నాయిన, మరి వెండిగనే తిరిగితే అది నిఖార్సయిన వెండి అని ఎవడు చూసిండు, కోసినోడే గదా అన్నడు. ఆ పంచాయితి వాళ్లిద్దరు బతికున్నంత కాలం తెగలే. సంక్రాంతికి సారు ఇంటికొచ్చినప్పుడల్లా మల్ల మొదలయ్యేది. నేనైతే మా నాయిన దిక్కే.